స్త్రీల గర్భాశయ వ్యాధులు, జీవన నాణ్యత: ఉద్దానం నేపథ్యంలో ఒక పరిశీలన

ఇంటి ఇల్లాలు జబ్బు పడినప్పుడు ఇంటివారు అడిగేవి సాధారణంగా రెండే ప్రశ్నలు. నయమవుతుందా? ఎంత ఖర్చవుతుంది? ఈ రెండింటికీ సమాధానం దొరికితే ఇక అడగవలసినది ఏమీ లేదన్నట్లు వ్యవహరిస్తారు. కాని రోగి మనసులో మూడవ ప్రశ్న ఒకటి ఉంటుంది. అది ఆమె నోట రాదు. రాత్రి నిద్ర పడుతున్నదా, నలుగురిలో నిశ్చింతగా కూర్చోగలుగుతున్నదా, పనికి పోగలుగుతున్నదా, నమాజుకు నిలబడగలుగుతున్నదా, భయం లేకుండా సంసారం చేయగలుగుతున్నదా అనేవన్నీ ఆ మూడవ ప్రశ్నలోని భాగాలే. ఈనాటి వైద్యశాస్త్రం దీనినే ‘జీవన నాణ్యత’ అని వ్యవహరిస్తున్నది.

ఆరోగ్యమంటే వ్యాధి లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా మనిషి క్షేమంగా ఉండడమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమలులోకి వచ్చిన తన నిబంధనావళిలోనే చెప్పుకున్నది. ఆ మాటను కొలవదగిన అంశంగా మార్చడానికి మరి నాలుగైదు దశాబ్దాలు పట్టింది. ఆ సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల పట్టిక దేహం, మనసు, మానవ సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు విభాగాలలో రోగి చేతనే తన స్థితిని చెప్పిస్తుంది. కాన్సర్ రోగుల కోసం ఐరోపా పరిశోధకులు 1993లో 30 ప్రశ్నల పట్టికను వెలువరించారు. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు దానికి అనుబంధంగా మరో 24 ప్రశ్నలు ఉన్నాయి. ఈ పట్టికలలోని ముఖ్య విశేషం ఏమంటే, డాక్టరు అభిప్రాయానికి వాటిలో చోటు లేదు. రోగి చెప్పినదే లెక్క.

అయితే ఆ పట్టికలలోని మొదటి ప్రశ్నలలో ఒకటి, బరువైన సంచీ మోసేటప్పుడు ఇబ్బంది పడుతున్నారా అనేది. పలాసలో జీడిపిక్కలు కొట్టి బతికే స్త్రీని అడగవలసిన ప్రశ్న అది కాదు. పొద్దున కూర్చున్నది పొద్దు వాలే వరకు లేవకుండా కూర్చోగలదా అని ఆమెను అడగాలి. నీళ్ల బిందె ఎత్తగలదా అని అడగాలి. మన సోదరీమణులనైతే సజ్దాలోకి వంగినప్పుడు మూత్రం జారుతున్నదా అని కూడా అడగాలి. ఈ చివరి ప్రశ్న ఏ పట్టికలోనూ కనిపించదు. ఎందరి జీవితాలలోనో మాత్రం ఉన్నది.

ఉద్దానం స్త్రీ

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలతో సముద్రం వెంట సాగే పచ్చని నేలను ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాట నుండే ఆ పేరు వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస అక్కడి సంపద. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు ఆ తోటలను నేలమట్టం చేశాయి. కొబ్బరిచెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక ఆ దెబ్బ ఒక్క ఏటితో తీరినది కాదు. పలాస–కాశీబుగ్గలోని జీడి పరిశ్రమలలో పిక్క కొట్టడం, పొట్టు తీయడం, పప్పును తరగతులుగా ఏరడం ఎక్కువగా స్త్రీలే చేస్తారు. జీడిరసం చేతులను కాలుస్తుంది. గంటల తరబడి ఒకే తీరున కూర్చోవడం నడుమును, పొత్తికడుపును పట్టివేస్తుంది. ఈ ప్రాంతంలో ముస్లిం కుటుంబాల సంఖ్య స్వల్పం. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం వంటి పట్టణాలలో ఉన్న కొద్ది కుటుంబాలూ ఇరుగుపొరుగువారి కష్టసుఖాలలోనే బతుకుతున్నాయి.

ఉద్దానం పేరు దేశమంతటా మారుమోగినది మాత్రం మూత్రపిండాల వ్యాధి వల్ల. విశాఖపట్నానికి చెందిన మూత్రపిండాల వైద్య నిపుణులు డాక్టర్ టి. రవిరాజు ప్రభృతులు జరిపి 2019లో ప్రచురించిన పరిశీలనలో పరీక్షించినవారిలో సుమారు 18 శాతం మందికి ఈ దీర్ఘవ్యాధి ఉన్నట్లు తేలింది. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా ఇది వస్తున్నది. కారణం ఈనాటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి నదీజలాలను తెచ్చే తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలయింది.

స్త్రీల గర్భాశయ వ్యాధులకూ మూత్రపిండాలకూ ఏమి సంబంధం అని పాఠకులు అడగవచ్చు. ఉన్నది, చాలా ఉన్నది. ఉద్దానంలో ఈ రెండింటినీ విడదీసి చూడడమే పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం. దానిని వివరించే ముందు సామాన్యంగా కనిపించే బాధలను గురించి కొంత చెప్పుకోవాలి.

అధిక రక్తస్రావం, ఇస్తిహాజా

నెలసరి పది, పదిహేను రోజులు సాగడం, గడ్డలు గడ్డలుగా రక్తం పోవడం, మధ్యలో కనిపించడం మన స్త్రీలలో తరచుగా వినవచ్చే బాధలు. గర్భసంచిలో కండర గడ్డలు పెరగడం, హార్మోనుల సమతూకం తప్పడం, థైరాయిడ్ లోపం, గర్భసంచి లోపలి పొర మందం కావడం మొదలైనవి ఇందుకు కారణాలు. దీని మొదటి ఫలితం రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం, పిల్లలపై ఊరికే విసుగు. వీటిని స్వభావదోషాలుగా ఎంచి ఇల్లాలిని నిందించే ఇళ్లు ఎన్నో. ఆ విసుగుకు మూలం ఇనుము లోపమని తెలిసిన ఇళ్లు కొన్నే.

ముస్లిం స్త్రీకి ఇందులో మరొక చిక్కు కూడా ఉన్నది. రక్తం ఆగనప్పుడు నమాజు మానాలా, చేయాలా? రోజా ఉండవచ్చునా? తన తల్లినీ అత్తనూ అడగడానికి సిగ్గుపడి ఎందరో స్త్రీలు నెలల తరబడి ఆరాధనకు దూరమై, తాము అపవిత్రులమన్న చింతతో కుమిలిపోతారు. ఈ చింత కూడా జీవన నాణ్యతను తినివేసేదే. కాని ఈ ప్రశ్న కొత్తది కాదు. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) స్వయంగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇదే సంగతి అడిగారు. అది నెలసరి కాదనీ, ఒక నరం నుండి వచ్చే రక్తమనీ ఆయన వివరించి, నెలసరి దినాలు గడిచిన పిమ్మట స్నానం చేసి నమాజు కొనసాగించమని ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. హజ్రత్ ఉమ్మె హబీబా బిన్తె జహష్ (రజి) ఏడేళ్లపాటు ఈ బాధ అనుభవించారు. ఆమె సోదరి హజ్రత్ హమ్నా (రజి)కు రెండు నమాజులను దగ్గర చేర్చి చేసుకునే వెసులుబాటు సూచించినట్లు ఉల్లేఖనం ఉన్నది.

మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం నెలసరి కనీసం మూడు రోజులు, అత్యధికం పది రోజులు. పది దాటితే, ఆమె అలవాటు దినాలకు మించినదంతా ఇస్తిహాజా. ఆ స్థితిలో నమాజు ఉన్నది, రోజా ఉన్నది, దాంపత్యమూ నిషిద్ధం కాదు. స్రావం ఆగని స్త్రీ ప్రతి నమాజు వేళకూ ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. మూత్రం జారే స్త్రీకి కూడా ‘మాజూర్’ అనే ఇదే సౌలభ్యం వర్తిస్తుంది. మసాయిల్ గ్రంథాలలో ఈ అధ్యాయాలు ఉన్నవే. మగవారు చదివి ఊరకుంటున్నారు, ఆడవారికి చేరడం లేదు.

అయితే ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఇస్తిహాజా అని తేలగానే, ధర్మపరంగా సందేహం తీరిపోయింది గనుక ఇక చేయవలసినది లేదని సరిపెట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. నరం నుండి వచ్చే రక్తమన్న మాటలోనే అది దేహానికి వచ్చిన రుగ్మత అన్న అర్థం ఉన్నది. రుగ్మతకు చికిత్స చేయించాలి. ముఖ్యంగా ముట్లుడిగి ఏడాది దాటిన స్త్రీకి రక్తం ఒక్క చుక్క కనిపించినా, సంసారం తర్వాత రక్తం కనిపించినా, దుర్వాసనతో నీరు పోతున్నా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాలి. ఫిఖహ్ ఆమెకు నమాజు ఉన్నదని చెప్పిన చోటే వైద్యం ఆమెకు పరీక్ష కావాలంటున్నది. ఈ రెండింటి మధ్య విరోధం ఏమీ లేదు.

గర్భసంచి జారడం గురించి క్లుప్తంగా చెబుతాను. కాన్పుల మధ్య ఎడం లేకపోవడం, బాలింత దశలోనే బరువులు ఎత్తడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం దీనికి దారి తీస్తాయి. కూర్చుంటే ఏదో కిందికి దిగినట్లుండడం, దగ్గితే తుమ్మితే మూత్రం జారడం లక్షణాలు. తొలిదశలో కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం, లోపల అమర్చే రబ్బరు కట్టు చాలామందికి ఉపశమనం ఇస్తాయి. ఈ సంగతి తెలియక, శుభకార్యాలకు పోవడం మాని ఇంట్లో మగ్గిపోయేవారు ఎందరో.

గర్భసంచి తీసివేయడం అనే తేలిక మార్గం

ఇక తెలుగునాట స్త్రీల ఆరోగ్యంలో అన్నిటికంటె విచారకరమైన అధ్యాయం గురించి చెప్పాలి. తెల్లబట్ట అని, నడుంనొప్పి అని, నెలసరి ఎక్కువని వెళ్లిన స్త్రీకి గర్భసంచి తీసివేయడమే మందు అని చెప్పే అలవాటు ఇక్కడ వేళ్లూనుకున్నది. పైన పేర్కొన్న సర్వేలో దేశం మొత్తంమీద 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిదిమంది. దేశంలో మరే పెద్ద రాష్ట్రానికీ ఈ అపఖ్యాతి లేదు, పక్కనున్న తెలంగాణకు తప్ప. ఈ ఆపరేషన్లలో అధిక భాగం ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే.

హైదరాబాదు వైద్యులు డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి సూర్యప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెలలో స్త్రీలను కలిసి, అవసరం లేని ఆపరేషన్లు ఏ తీరున జరుగుతున్నాయో సుమారు పదిహేనేళ్ల కిందటే వెల్లడించారు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదటగా అమలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్, అనంతపురంతోపాటు శ్రీకాకుళం కూడా ఒకటి. పేదవానికి పెద్ద వైద్యం అందించిన ఆ పథకం ఎన్నో ప్రాణాలు కాపాడింది. దానిని ఆసరా చేసుకుని గర్భసంచి ఆపరేషన్లు పెరిగాయన్న ఆరోపణలు వచ్చిన మీదట ఈ ఆపరేషన్‌పై ప్రభుత్వమే ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల నివారణకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు జారీ చేసింది. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, వాటిని మూడు నెలలలో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

తీసివేస్తే నష్టమేమిటని అడిగేవారున్నారు. పిల్లలు పుట్టిన తర్వాత అది వట్టి సంచీయే కదా అని వారి భావన. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసివేస్తే ముప్పై ఏళ్ల స్త్రీ ఒక్కరోజులో యాభై ఏళ్ల స్త్రీ అవుతుంది. ఒంట్లో ఆవిరులు, నిద్రలేమి, దిగులు, దాంపత్యంలో నొప్పి మొదలవుతాయి. ఎముకలు త్వరగా గుల్లబారుతాయి. గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా అవి కొంత ముందుగానే పని మానవచ్చు. ఏ నడుంనొప్పి పోవాలని ఆపరేషన్ చేయించుకున్నదో ఆ నొప్పి పోలేదని తర్వాత వాపోయే స్త్రీలు తక్కువేమీ కాదు. తెల్లబట్ట చాలావరకు మందులతో నయమవుతుంది. దంపతులిద్దరూ మందు వాడవలసిన సందర్భాలూ ఉన్నాయి. అధిక రక్తస్రావానికి మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనం, గడ్డను మాత్రమే తొలగించే శస్త్రచికిత్స ఉన్నాయి. ఇవి అన్నీ పనిచేయనప్పుడు, లేదా కాన్సర్ తేలినప్పుడు గర్భసంచి తీయడం న్యాయమే. అప్పుడు వెనుకాడకూడదు. కాని కాన్సర్ వస్తుందేమోనని ముందే తీసేద్దామన్న బెదిరింపును నమ్మి తోట తాకట్టు పెట్టనవసరం లేదు. మరొక వైద్యురాలిని అడిగి చూడడం రోగి హక్కు.

మూత్రపిండాలతో ముడి

ఇప్పుడు ఉద్దానం ప్రత్యేకతకు వస్తాను. నెలసరి నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆమ్లం ప్రధానమైనవి. ఆరోగ్యవంతురాలు నెలకు రెండు రోజులు వాడితే సాధారణంగా హాని ఉండదు. కాని మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నవారికి ఇవి ప్రమాదకరం. ఉద్దానంలో ఎవరి మూత్రపిండాలు ఏ దశలో ఉన్నవో పరీక్ష లేకుండా తెలియదు, ఎందుకంటే ఈ వ్యాధి చాలాకాలం ఏ లక్షణమూ చూపదు. అక్కడి స్త్రీ నొప్పి మాత్రలు అలవాటు చేసుకునే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం అత్యవసరం. వేడినీటి కాపడం, పారాసెటమాల్ ఆమెకు మేలు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం మోతాదును కూడా మూత్రపిండాల స్థితిని బట్టి తగ్గించవలసి ఉంటుంది.

మూత్రపిండాల వ్యాధి స్త్రీ దేహంపై మరొక విధంగానూ పనిచేస్తుంది. నెలసరి క్రమం తప్పుతుంది. ఒక్కొక్కరికి స్రావం ఎక్కువవుతుంది. రక్తం పుట్టించే హార్మోను మూత్రపిండాలలోనే తయారవుతుంది కనుక, అవి చెడిపోతే రక్తహీనత ఇనుప మాత్రలతో మాత్రమే పోదు. డయాలిసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు వల్ల నెలసరి స్రావం మరింత కావచ్చు. ఇద్దరు వైద్యులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే, ఒకరిచ్చే మందు మరొకరి రోగానికి చేటు చేస్తుంది.

కాన్సర్ విషయంలో ఈ ముడి మరింత బిగుసుకుంటుంది. గర్భసంచి ముఖద్వారంలో పుట్టిన రాచపుండు పక్కలకు వ్యాపించినప్పుడు, మూత్రపిండాల నుండి మూత్రాశయానికి దిగే నాళాలను నొక్కివేస్తుంది. మూత్రం వెనక్కి నిలిచి మూత్రపిండం ఉబ్బుతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. ఉద్దానంలో క్రియాటినిన్ పెరిగిందనగానే అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: ఆ జబ్బే వచ్చింది. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉన్నది. ఊరి జబ్బుగా ఎంచి మందులు వాడుతూ పోతే, లోపలి పుండు నెలల తరబడి పెరుగుతుంది. కడుపు స్కానింగు చేస్తే తేడా తెలిసిపోతుంది. దీర్ఘకాల మూత్రపిండాల వ్యాధిలో అవి సాధారణంగా కుంచించుకుపోతాయి. నాళం నొక్కుకుపోతే అవి ఉబ్బి కనిపిస్తాయి. అందువల్ల ఆ ప్రాంతపు స్త్రీకి మొదటిసారి క్రియాటినిన్ ఎక్కువ కనిపించినప్పుడు స్కానింగుతోపాటు తెల్లబట్ట, రక్తస్రావం సంగతులు కూడా అడగాలని వైద్యులకు మనవి. వారు అడగకపోతే రోగి చెప్పాలి.

ముఖద్వార కాన్సర్ ముదిరిన దశలో ప్రధాన చికిత్స రేడియేషన్. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాలు, ఆపైన లోపలి నుండి ఇచ్చే రేడియేషన్ కొన్నిసార్లు. మొత్తం ఎనిమిది వారాలలో పూర్తి కావాలి, జాగు చేస్తే ఫలితం తగ్గుతుంది. దానితోపాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తే ఎక్కువమంది బతుకుతున్నారని 1999లో వెలువడిన పరిశోధనలు స్పష్టం చేశాయి. ఆ సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు హాని చేసే మందు. క్రియాటినిన్ ఎక్కువగా ఉన్న స్త్రీకి దానిని ఇవ్వడం కుదరదు. నొక్కుకుపోయిన నాళంలో సన్నని గొట్టం అమర్చి గాని, వీపు నుండి మూత్రపిండంలోకి గొట్టం వేసి గాని మూత్రం బయటకు తీస్తే, చాలామందిలో క్రియాటినిన్ దిగి మందు ఇవ్వడానికి వీలవుతుంది. దిగకపోతే కార్బోప్లాటిన్ వంటి వేరే మందును, లేదా రేడియేషన్ ఒక్కదానినే ఎంచుకుంటారు. వీపున గొట్టం, నడుముకు సంచీ కట్టుకుని ఉన్న స్త్రీ ఇంటిలో ఎట్లా మెలగాలి, నమాజు ఎట్లా చేయాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు. ఆమె మాజూర్, ఆమె నమాజు చెల్లుతుంది. ఈ మాట చెప్పగలవారు ఆమె పక్కన ఉండాలి.

చికిత్స ముగిసిన తర్వాత

కాన్సర్ నయమైందని డాక్టరు చెప్పిన రోజున కుటుంబం పండుగ చేసుకుంటుంది. స్త్రీకి అసలు కష్టం అప్పుడే మొదలు కావచ్చు. రేడియేషన్ వల్ల యోనిమార్గం బిగుసుకుపోతుంది, పొడిబారుతుంది. దానికి వైద్యులు ఇచ్చే సాధనాన్ని క్రమం తప్పక వాడితే చాలావరకు నివారించవచ్చు. కాని ఆ మాట చెప్పడానికి డాక్టరుకు సంకోచం, అడగడానికి రోగికి సిగ్గు. విరేచనాలు, మూత్రంలో మంట ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. కాళ్లు వాయవచ్చు. భర్త మరో పెళ్లి చేసుకుంటాడేమోనన్న భయం నిద్ర పట్టనివ్వదు. ఇది అంటుకునే జబ్బు అని వేరే కంచం పెట్టే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. కాన్సర్ ఒకరి నుండి ఒకరికి అంటదు. భర్త డాక్టరు గదిలోకి భార్యతోపాటు వెళ్లి విన్నచోట ఈ భయాలు సగానికి సగం తగ్గుతాయి. చాలామంది మగవారు బయట బెంచీ మీద కూర్చుని బిల్లు మాత్రమే చూస్తారు.

ముందుగా కనిపెట్టడం

మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మందికి కొత్తగా ముఖద్వార కాన్సర్ వచ్చింది, దాదాపు 80,000 మంది మరణించారు. ఇది దాదాపు పూర్తిగా నివారించదగిన కాన్సర్ అన్నది గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. పాపిల్లోమా అనే వైరస్ దీనికి మూలమని కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ సోకినా అధికభాగం స్త్రీలలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో నిలిచి, పది పదిహేనేళ్లకు పుండుగా మారుతుంది. ఆ పదేళ్ల గడువే మనకు దక్కిన అవకాశం. ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా సోకేదైనా, సోకినంత మాత్రాన ఎవరి శీలాన్నీ శంకించరాదు. ఎన్ని దశాబ్దాల కిందట సోకిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పరీక్ష చాలా సులువు. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి పూస్తే, మారిన భాగం నిమిషంలో తెల్లబారుతుంది. ముంబయి మురికివాడలలో డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలు ఈ పరీక్ష చేయగా ఈ కాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వం 2016 నుండి 30–65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఈ పరీక్ష చేయాలని నిర్దేశించింది. అయినా 2019–21 సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరైనా లేరు.

సిగ్గు, పరదా ఇందుకు అడ్డమని కొందరంటారు. పరదా పేరుతో చికిత్స మానమని ఏ ఫిఖహ్ చెప్పలేదు. వైద్యురాలు దొరికితే ఆమె వద్దకు, దొరకకపోతే అవసరం మేరకు వైద్యుని వద్దకు వెళ్లడానికి ఉలమా అనుమతించారు. వెయ్యేళ్ల కిందట ఖుర్తుబాలో అబుల్ ఖాసిం జహ్రావీ తన ‘తస్రీఫ్’ గ్రంథపు శస్త్రచికిత్స భాగంలో స్త్రీల లోపలి పరీక్షకు వాడే పరికరం బొమ్మ గీశాడు. స్త్రీలకు మూత్రాశయంలో రాయి తీయవలసి వస్తే నేర్పుగల స్త్రీ చేత చేయించమని సూచించాడు. అంటే ఆ రోజులలో స్త్రీని పరీక్షించడం మానలేదు, పరీక్షించే స్త్రీని తయారు చేసుకున్నారు. ఇప్పుడు వైరస్ పరీక్షకు స్త్రీ తన నమూనాను చాటుగా తానే తీసి ఇచ్చే పద్ధతిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదించింది. పరదా పాటించే స్త్రీకి ఇంతకంటె అనువైనది లేదు.

బాలికలకు 9–14 ఏళ్ల మధ్య ఇచ్చే టీకా విషయంలో తెలుగువారికి ఒక చేదు జ్ఞాపకం ఉన్నది. 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సుమారు 14,000 మంది బాలికలకు ఒక అధ్యయనం కింద ఈ టీకా వేశారు. హాస్టళ్లలోని పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు చేసిన సంగతి బయటపడి, 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం అనుమతుల తీరును తీవ్రంగా తప్పుపట్టింది. తల్లిదండ్రులను అడగకుండా టీకా వేయడం అన్యాయం, అందులో రెండు మాటలు లేవు. అయితే అప్పుడు జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ తర్వాత ప్రపంచమంతటా కోట్లాది బాలికలకు ఇచ్చిన అనుభవం దాని భద్రతనే చాటింది. దేశీయంగా తయారైన టీకాకు 2022లో అనుమతి లభించింది. అన్యాయం జరిగినది అనుమతి విషయంలో. దానికి శిక్షగా మన ఆడపిల్లలకు రక్షణ లేకుండా చేసుకోవడం సబబు కాదు.

విశాఖ ప్రయాణం

పలాస నుండి రేడియేషన్ కోసం వెళ్లవలసినది విశాఖపట్నానికి. రైలులో సుమారు రెండు వందల కిలోమీటర్లు. అక్కడ కింగ్ జార్జి ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో కాన్సర్ చికిత్స ఖర్చును భరిస్తున్నది. కాని రెండు నెలలు విశాఖలో ఉండడానికయ్యే బస, తోడు వచ్చినవారి కూలి నష్టం, ఇంట్లో పిల్లలను చూసుకునేవారి సంగతి ఏ కార్డూ భరించదు. సగంలో చికిత్స మానివేయడానికి ఎక్కువగా ఇవే కారణాలు. మస్జిద్ కమిటీలు, జకాత్ సేకరించేవారు ఆపరేషన్ ఖర్చుకు చందా ఇచ్చినంత సులభంగా అద్దె గదికీ, తోడు వచ్చిన అక్కచెల్లెలి భోజనానికీ ఇవ్వరు. అర్హురాలైన పేద రోగికి నగదుగా ఇచ్చిన జకాత్‌ను ఆమె తన అవసరం మేరకు ఖర్చు చేసుకోవచ్చు. అది అద్దెకే అయినా సరే.

చికిత్సకు వెళ్లే కాన్సర్ రోగికీ, వెంట వెళ్లే ఒకరికీ రైల్వే వారు ఛార్జీలో రాయితీ ఇస్తారు. స్లీపర్ తరగతిలో రోగికి పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం. ఇందుకు చికిత్స చేస్తున్న ఆసుపత్రి అధికారి నిర్ణీత నమూనాలో సంతకం చేసి, ముద్ర వేసిన ధ్రువపత్రం కావాలి. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లిన రోజునే దానిని అడిగి తీసుకుంటే, తిరుగు ప్రయాణం నుండే ఉపయోగపడుతుంది.